దిండు అడిగిన శశికళ

శశికళని మొదటి తూరి చూసిన రోజు నేను చీపురు ఎత్తినాను. దాచేదేముంది, మా కామసముద్రంలో సగం వీధి చూసింది. ఈ పొద్దు ఆ యమ్మని ఎవరన్నా ఒక మాట తక్కువ చేసి మాట్లాడితే వాళ్ల మీదికీ అదే చీపురు ఎత్తుతాను. నా పేరు పిల్లమ్మ. వయసు డెబ్బై రెండు, నోరు రవ్వంత జాస్తి.

మా అక్క మునిలక్ష్మమ్మది నా పక్కిల్లే. నాకంటే ఎనిమిదేండ్లు పెద్దది. ఆ ఇల్లూ, రెండున్నర ఎకరాల భూమీ మా నాయన పసుపు కుంకుమ కింద అక్కకి ఇచ్చినవి, అక్క పేరుమీదే ఉండేవి. ఎకరన్నరలో పట్టుపురుగుల కోసం మల్బరీ, ఎకరంలో మామిడి. ఇద్దరు కొడుకులు. పెద్దోడు మునేష్ ఆరేండ్ల కిందట జ్వరమొచ్చి పోయినాడు, బిడ్డల్లేరు. వాడి పెండ్లాం చంద్రిక అత్తని వదిలి పోలేదు. పురుగులకి ఆకు వేసేదీ, రెండావుల పాలు డైరీకి పోసేదీ, ముసలిదానికి తల దువ్వేదీ అన్నీ ఆ పిల్లే. చిన్నోడు మునిశంకర్ ముళబాగిలులో లారీలు పెట్టుకొని ఉండాడు. చెడ్డోడు కాదు. నాకు బిడ్డల్లేరు, మొగుడు పోయి పద్దెనిమిదేండ్లాయ. నా బీపీ మాత్రలు నెలనెలా తెచ్చిచ్చేది వాడే. "చిన్నమ్మా, నీకు కొరివి పెట్టేది నేనే, బేజారు పడొద్దు" అని నా చేతిలో చెయ్యేసి చెప్పినోడు. ఆ మాట పట్టుకొనే నేను రాత్రి నిద్రపోయేదాన్ని.

శశికళ సంగతి చంద్రికకి కోలారు పట్టుగూళ్ల మార్కెట్లో ఎవరో చెప్పినారంట. బంగారుపేటలో దస్తావేజులు రాసే అంగట్లో పద్దెనిమిదేండ్లు టైపు కొట్టిన మనిషి. ఇప్పుడు ముసలివాళ్ల ఇండ్లకి పోయి పెట్టెలు దించి, ఏ కాగితం యాడుండాదో చూసి, ఏది ఉంచాల, ఏది పారేయాల, ఎవరికేమి ఇయ్యాల అని వాళ్ల నోటితోనే చెప్పించి రాయిస్తాది. మనిషి బాగున్నప్పుడే ఈ పని కావాలంటాది.

చంద్రిక రమ్మంటే ఒక మధ్యాహ్నం వచ్చింది. సన్నగా, వయసు యాభై దాటి, కండ్లద్దాలకి దారం కట్టుకొని, భుజాన గోనెసంచి. తిన్నెమీద కూర్చొని చంద్రిక ఇచ్చిన మజ్జిగ తాగింది. అక్క లోపల మంచంమీద ఉండాది, నేను గడప దగ్గర రాగులు చెరుగుతా ఉండాను. పెట్టె అడుగుతాదేమో, బీరువా బీగాలు అడుగుతాదేమో అని నేను కాచుకొని ఉంటే, ఆ యమ్మ అడిగిందేమో తెలుసా?

"అవ్వా, నీ దిండు ఒక తూరి చూస్తాను. ఇస్తావా?"

మా అక్క దిండు ఎదకి కరచుకొనింది. నాకు ఒళ్లు భగ్గుమనింది. మా వైపు ఊళ్లల్లో మనిషి పోతే, పండుకున్న చాప, దిండు, దుప్పటి మూటగట్టి పాడె వెనకే కాటికి పంపించాల. మళ్లా గడప లోపలికి రాకూడదు. అందుకే బతికుండే మనిషిని దిండు అడగరు. అడిగితే ఎప్పుడు పోతావు అని అడిగినట్లే.

"ఏమే! మా అక్క ఇంగా ఊపిరి తీసుకుంటా ఉండాది. నీకు అప్పుడే దిండు కావాల్సొచ్చిందా?" అని లేచినాను.

"కోపం వద్దవ్వా. ఇంట్లోనుంచి బయటికి పోయేది ఏదో అది ముందు చూడాల. ఇంట్లోనే ఉండేవి రేపైనా చూడొచ్చు. నా పని అట్లనే మొదలుపెడతాను" అనింది, ఏదో సంతలో వంకాయ బేరం చేసినంత నెమ్మదిగా.

ఆ నెమ్మదే నన్ను మండించింది. చీపురు చేతికొచ్చింది. ఆ యమ్మ లేచే తొందరలో సంచి ఒరిగి ప్లాస్టిక్ కవర్లు నాలుగైదు తిన్నెకింద పడినాయి. ఏరుకోనీకుండా తరిమినాను. లోపల అక్క దిండు వదల్లేదు. చంద్రిక కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది.

నా తిట్లు ఇంగా మిగిలిపోయినాయి గదా, అవి ఇచ్చేసి వద్దామని బస్టాండు దాకా వెంటపడినాను. బస్సు రాలేదు. ఆ యమ్మ బెంచీమీద పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. చోటిచ్చినాక ఎట్ల తిట్టేది? కూర్చున్నాను. అప్పుడు చెప్పింది తన కత.

వాళ్ల నాయన చెన్నరాయప్ప కేజీఎఫ్ బంగారు గనిలో పైకప్పు కూలకుండా కట్టెల దిమ్మెలు నిలబెట్టే పని చేసినాడంట. గని మూసినాక చేతికొచ్చిన డబ్బుతో ఆండర్సన్‌పేట దగ్గర ఒక సైటు కొన్నాడు. రిజిస్టరు కాలేదు, చేతిరాత కరారు కాగితం ఒకటే. ఆయన పోయినాక ఆ కరారుని వాళ్లమ్మ దాచింది. యాడ దాచిందో ఒక్కగానొక్క కూతురికీ చెప్పలేదు. వాళ్లమ్మ పోయిన రోజు శశికళే తన చేతులతో చాపా దిండూ మూట కట్టిచ్చింది. అన్నీ కాటిలో కాలిపోయినాయి. రెండు నెలలకి పక్కింటి టైలరమ్మ మాటల్లో అనిందంట: "మీ అమ్మ నా దగ్గర లావు సూది తీసకపోయి దిండులో ఏదో కాగితం కుట్టుకొనింది గదా, తీసినావా?" అని. సైటు అమ్మినోడు మొఖం చాటేసినాడు. ఇంకొకరికి అమ్మేసినాడు. శశికళ ఇప్పటికీ బాడుగింట్లోనే ఉండాది.

"నా చేతులతోనే కట్టి పంపించినానవ్వా. అందుకే దిండు అడుగుతాను. ఎంతమంది చీపురు ఎత్తినా అడుగుతాను" అనింది.

నోరు ఊరికే పెట్టుకొనేది నాకు అలవాటు లేదు, ఇంకోటి అడిగినాను. "మా అక్క ఏమీ రాయకుండా పోతే ఏమవుతాది?"

"ఆస్తి ఆమె పేరున ఉండాది. మొగుడు లేడు. అంతా మునిశంకర్‌కే పోతాది. పిల్లల్లేని కోడలికి అత్త ఆస్తిలో భాగం రాదు."

"వాడేం వదినని తరిమేసే రకం కాదులే."

"తరమకపోవచ్చు. ఉండమంటే ఉండాల, పొమ్మంటే పోవాల. ముప్పై తొమ్మిదేండ్ల మనిషి, అదే బతుకు." బస్సొచ్చింది, ఎక్కి పోయింది.

ఇంటికొచ్చి అక్కకి పూసగుచ్చినట్లు చెప్పినాను, వాళ్లమ్మ దిండు కాలిపోయిన సంగతి కూడా. అక్క విన్నది. విని, "నా దిండులో బూరుగు దూది తప్ప ఏమీ లేదు. సుమ్నె నోరు మూసుకొని పో" అనింది. మా అక్క అంతే. కడుపులో మాట కండ్లలోకి కూడా రానీయదు. రెండేండ్ల కిందట నన్నూ, పక్కవీధి దొడ్డమునియప్పనీ రాబర్ట్‌సన్‌పేటకి తీసకపోయి, ముసలివాళ్ల పింఛను కాగితమని చెప్పి ఒక అంగట్లో ముందు తాను వేలు వేసి, మా చేత కూడా వేయించింది, ఆయనది సంతకం, నాది వేలిముద్ర. నాకొక మైసూరుపాకు కొనిచ్చింది. ఆ పింఛను వచ్చిందా లేదా అని ఆ తర్వాత ఒక్కనాడూ చెప్పలేదు. అట్లాంటి మనిషితో ఏం వాదించేది?

కానీ మూడోనాడు పొద్దున్నే వచ్చి, "పిల్లా, దబ్బనం ఉంటే ఇయ్యి" అనింది. గోనెసంచులు కుట్టే దబ్బనం. నేనేమీ అడగలేదు, ఆమేమీ చెప్పలేదు. సాయంత్రానికి తిరిగిచ్చేసింది. ఓహో, దిండు కుట్టుకొనింది అని నేను లోపల్లోపల నవ్వుకున్నాను.

నాలుగు నెలలకి అక్కకి పక్షవాతం కొట్టింది. కోలారు ఆసుపత్రిలో తొమ్మిది రోజులు పెట్టుకొని ఇంటికి పంపించినారు. కుడి పక్క అంతా పోయింది, మాట పోయింది. ఎడమచెయ్యి ఒకటే ఆడతా ఉండేది. చంద్రిక గంజి తాపేదానికి వంగితే చాలు, ఆ చెయ్యి ఆ పిల్ల నెత్తిమీద పెట్టి కిందికి నొక్కేది. మళ్లీ మళ్లీ నొక్కేది. ఆశీర్వాదమనుకొని చంద్రిక కండ్లు తుడుచుకొనేది. నేనూ ఏడ్చినాను. "అక్కా, దిండులో ఏమన్నా పెట్టినావా?" అని చెవిలో అడిగితే తల అడ్డంగా ఆడించింది. ఏమడిగినా ఆమె తల అట్లే ఆడతాది, దాన్ని నమ్మొద్దని డాక్టరు ముందే చెప్పినాడు, అందుకే నేను నమ్మలేదు.

శశికళ తెలుసుకొని వచ్చింది. ఈ తూరి గడప బయటే నిలబడింది. "అవ్వా, ఇప్పుడైనా చూద్దామా?" అనింది నాతో. బతికుండే అక్క తలకింద దిండు లాగి కోసేదానికి నాకు చెయ్యి రాలేదు. "ఇప్పుడొద్దు, రవ్వంత బాగు కానీ" అన్నాను. నా బుద్ధికి నిప్పు పెట్ట. ఆ యమ్మ సంచి భుజాన వేసుకొని పోయింది.

ఇంగో మూడు నెలలకి, ఒక శుక్రవారం తెల్లవారి అక్క పోయింది.

పదిన్నరకి రాహుకాలం. అంతకుముందే ఎత్తాలని, ఊర్లో చావుపనులు చూసే సొన్నప్ప పాడె కడతా ఉండాడు. మునిశంకర్ తెల్లవారే వచ్చి తల్లి కాళ్లమీద పడి ఏడ్చినాడు. పది కావస్తా ఉండాది. చాప చుట్టినారు, దుప్పటి చుట్టినారు. సొన్నప్ప దిండు అందుకొన్నాడు. చంద్రిక నన్నే చూస్తా ఉండాది, నోరు తెరిచి అడిగే ధైర్యం ఆ పిల్లకి లేదు. అడిగితే, అత్త శవం ముందర ఆస్తి వెతికింది అంటారు. నేను పోయి సొన్నప్ప చేతిలో దిండు లాక్కొని, వీధి మధ్యలో కింద వేసి, దానిమీద కూర్చున్నాను.

"ఏందమ్మా ఇది?" అన్నాడు సొన్నప్ప.

"ఈ దిండు కోసి చూస్తేగానీ పోనీయను."

వీధి వీధంతా నోరెళ్లబెట్టింది. మునిశంకర్ వచ్చి నా ముందర నిలబడినాడు. "చిన్నమ్మా, లెయ్యి. అమ్మకి పొద్దవుతా ఉండాది."

"కత్తెర తెచ్చియ్యి, లేస్తాను."

ఎవరో తెచ్చిచ్చినారు. ఒక పక్క కుట్లు తెగ్గోసినాను. బూరుగు దూది గాలికి లేచింది, అక్క ముఖంమీద పడింది, చంద్రిక తడి బుగ్గలకి అంటుకొనింది. చెయ్యి పెట్టి వెతికినాను. రెండో పక్కా కోసినాను. గుల్లగుల్ల చేసినాను. దూది తప్ప ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు.

"చాలునా చిన్నమ్మా?" అన్నాడు మునిశంకర్. గొంతు పెంచలేదు. "ఇంగ మా అమ్మని పోనిస్తావా?"

ఆ మాటకి భూమి చీలి నన్ను మింగినా బాగుండేది. ఆడోళ్లు చంద్రిక పక్కకి తిరిగి గుసగుసలు మొదలుపెట్టినారు, ముసలిదాన్ని ఎగదోసింది ఈమేనంట, సూడు ఎంత లోతో అని. ఆ పిల్ల తల ఎత్తలేదు. చిరిగిన దిండునీ దూదినీ మూటగట్టి పట్టుకొని పోయినారు. ఆ సాయంత్రమే మునిశంకర్ వదినతో చెప్పినాడు. "పదకొండోనాడు తిథి కానీ వదినా. ఆ తర్వాత నీ వస్తువులు సర్దుకో. ఈ ఇల్లూ తోటా నేను బాడుగకి ఇచ్చేస్తాను. ఈ పొద్దు జరిగినాక మనకి పొసగదు."

నా వల్లే. నేను సుమ్నె ఉండుంటే వాడు ఆ మాట అనేవాడు కాదేమో. రెండు రోజులు నాకు అన్నం దిగలేదు. మూడోరోజు ఫోను చేసి శశికళమీద పడినాను. "నీ మాట విని మా అక్క శవం ముందర నవ్వులపాలైనాను. ఆ పిల్ల బతుకు బజారున పడింది. సంతోషమా?"

"నేను వచ్చి పోయినాక ఆమె ఏమన్నా కుట్టిందా అవ్వా?"

"దబ్బనం తీసుకొనింది."

"అయితే ఏదో కుట్టింది" అనింది. "చంద్రిక సర్దుకొనే రోజు నేనొస్తాను. ఒక్కతే ఎట్ల సర్దుకుంటాది?"

తొమ్మిదోనాడు వచ్చింది. నేను చీపురు ఎత్తలేదు, కాఫీ ఇచ్చినాను. తట్టలు, చీరలు, మునేష్ ఫొటో, పాలక్యాను, ఆ పిల్లవి ఎన్ని ఉండాయి? అన్నీ కలిపి రెండు గోనెలు. శశికళ ఇల్లంతా ఒక తూరి చూసి, నడుముమీద చేతులు పెట్టుకొని నిలబడిపోయింది.

"ఇప్పుడు ఈ ఇంట్లోనుంచి బయటికి పోతా ఉండేది ఎవరు?" అనింది.

"నేనే అక్కా" అనింది చంద్రిక.

"అయితే నీ దిండు ఇయ్యి."

చంద్రిక తెచ్చిచ్చింది. పూల గలీబు తీసినారు. లోపల దిండుకి ఒక పక్క కుట్లు సన్నగా మిషనువి, ఇంకో పక్క లావుగా, వంకరటింకరగా, గోనె దారంతో. నా దబ్బనం కుట్లు.

"ఇది ఎవరు కుట్టినారు?"

"అత్త... దూది గడ్డకట్టింది, సరిచేసిస్తానని ఒక పొద్దు తీసుకొనింది. నా మీద ఎంత ప్రేమని..." ఆ పిల్ల మాట పూర్తి చేయలేదు.

శశికళ బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ తెంచింది. దూది మధ్యలోనుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. నేను చీపురుతో తరిమిన రోజు తిన్నెకింద పడిన కవరే అది. లోపల మడతపెట్టిన కాగితాలు. వీలునామా. రెండేండ్ల కిందటిది. ఇల్లూ మల్బరీ తోటా కోడలు చంద్రికకి, మామిడి తోట కొడుకు మునిశంకర్‌కి.

నేను అట్లే గోడకి జారిపడి కూర్చున్నాను. ఆ మహాతల్లి అంతా విన్నది. దిండు కాలిపోతాదని వినింది, నా దిండులో ఏమీ లేదని నాతో చెప్పింది, అప్పుడు ఉండిందో లేదో ఆమెకే తెలుసు, మూడోనాటికి ఆ మాటని నిజం చేసింది. కాగితాన్ని కోడలి తలకింద పెట్టింది. చెప్పేలోపల నోరు పడిపోయింది. ఆ నెత్తిమీద నొక్కింది ఆశీర్వాదం కాదు. నీ తలకిందే ఉండాది, చూసుకో, అని. ఏడు నెలలపైన ఆ పిల్ల తన ఇంటిమీదే తల పెట్టుకొని, ఇల్లు పోతాదని ఏడ్చింది.

చంద్రిక ఆ దిండు ఒళ్లో పెట్టుకొని "అత్తా, అత్తా" అని వెక్కతా ఉంటే శశికళ మాత్రం కాగితం చివరి పుట చూస్తా ఉండాది. ముఖం మారింది. "ఇది రిజిస్టరు చేయించలేదు. సాక్షులు ఇద్దరు. దొడ్డమునియప్ప ఎవరు?"

"పోయిన సంవత్సరం పోయినాడు."

"ఇంకొకటి వేలిముద్ర. పక్కన పిల్లమ్మ అని ఉండాది."

మైసూరుపాకు నా గొంతులో అడ్డం పడినట్లాయ. పింఛను కాగితం!

"అవ్వా, ఈ కాగితం నిలబడాలంటే ఇప్పుడు నువ్వొక్కదానివే ఉండావు" అనింది శశికళ. "నిజమైతేనే చెప్పు. లేకపోతే వద్దు."

మునిశంకర్‌కి ఫోను చేసినారు. సాయంత్రానికి వచ్చినాడు. జేబులో నా మాత్రల పొట్లం. నెల మొదటివారం గదా, ఇంత గలాటలోనూ మరిచిపోలేదు. కాగితం రెండు తూర్లు చదువుకొన్నాడు. తర్వాత నా ముందర వచ్చి గొంతుకూర్చున్నాడు.

"ఇది నీ వేలేనా చిన్నమ్మా? దీంట్లో ఏముందో తెలిసే వేసినావా?"

"ఏముందో తెలియాల్సిన పని లేదు" అనింది శశికళ వెనకనుంచి. "మీ అమ్మ ఈమె కండ్ల ముందర వేలు వేసిందా, ఆమె ముందర ఈమె వేసిందా, అంతే."

"నిన్ను అడగలేదమ్మా. మా చిన్నమ్మని అడుగుతా ఉండాను."

వాడి కండ్లు నా కండ్లలో పెట్టినాడు. చిన్నప్పుడు చంకలో వేసుకొని తిప్పిన బిడ్డ. నాకు కొరివి పెడతానని చెయ్యేసిన బిడ్డ. తెలీదురా అని ఒక్క మాట అంటే చాలు, నా కడసారికి మనిషి ఉంటాడు. చంద్రిక తలుపు పట్టుకొని ఉండాది. నాకు భయం వేసింది. దిక్కులేని శవంగా పోతానేమో అని, నిజంగా భయం వేసింది.

"నాదేరా" అన్నాను. "మీ అమ్మ నా ముందర వేసింది, నేను ఆమె ముందర వేసినాను. పింఛనని చెప్పింది, అది అబద్ధం. వేలు మాత్రం నిజం. యాడికి పిలిచినా వచ్చి ఇదే చెప్తాను."

వాడు లేచి, కాగితం చంద్రిక చేతికిచ్చి, మాత్రల పొట్లం తిన్నెమీద పెట్టి, చెప్పులేసుకొని పోయినాడు. తిథికి వచ్చి చేయాల్సింది చేసినాడు, నాతో మాట్లాడలేదు. ఇది జరిగి అయిదు నెలలాయ. చంద్రిక ఇంట్లోనే ఉండాది, ఈ వారం పురుగులు గూడు కడతా ఉండాయి. మాత్రలు నెలనెలా ముళబాగిలు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిస్తాడు. మనిషి రాలేదు.

పోయిన వారం శశికళని నేనే పిలిపించినాను. తిన్నెమీద కూర్చోనీకుండా లోపలికి పిలిచి, అడగకముందే నా దిండు తెచ్చి ముందర వేసినాను.

"దూది తప్ప ఏమీ లేదు. అయినా కోసి చూడు" అన్నాను.

నిజంగానే కోసింది, ఆ మొండిది! చూసి, మళ్లీ కుట్టిచ్చింది. పెట్టె దించి అన్నీ సర్దింది. ఈ ఇల్లు ఎవరికి, నా రెండు గాజులు ఎవరికి అని అడిగి రాసుకొనింది. చివర్లో కలం పట్టుకొని, "కొరివి ఎవరు పెట్టాలని రాయమంటావవ్వా?" అని అడిగింది.

గూట్లో ఉండే మాత్రల పొట్లం చేతిలోకి తీసుకున్నాను. ఆ యమ్మ తొందరపెట్టలేదు.

"మునిశంకర్ అని రాయి" అన్నాను. "వాడు రాకపోతే చంద్రిక అని దాని కింద రాయి. ఆ కాగితానికి ఒక నకలు తీసి, వచ్చే నెల కండక్టరు చేత వాడికి పంపించు."